పది మీటలు

ఇరవై ఏళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద పాటల సీడీలు చేసిచ్చే దుకాణం ఒకటుండేది. అమ్మ పాడిన క్యాసెట్టు అక్కడిచ్చాను. అమ్మ అప్పటికే పోయింది. టేపు గరగరలో ఆమె గొంతు మునిగిపోయింది. దుకాణాయన కంప్యూటర్లో పాట పెట్టి, గొంతు పెంచి గరగర తగ్గించే ఈక్వలైజర్ తెరిచి, ఎడమ చెవిని అరచేత్తో మూసుకుని, తెర మీది పది మీటలను పైకీ కిందికీ జరిపాడు. "ఇగ ఇను సార్" అన్నాడు. అమ్మ నా పక్కనే కూర్చుని పాడినట్టుంది.

సీడీ తూంకుంటలోని మా ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ గరగరే. మర్నాడే వెళ్లి నిలదీశాను.

"మీటలు నా కంప్యూటర్ల ఉన్నయ్ సార్. సీడీల పాటొస్తది గని మీటలొస్తయా?"

"అయితే ఏది ఎక్కడ పెట్టావో రాసివ్వు."

"గది చెవికి తెలుస్తది, కాయితానికేం తెలుస్తది? ఇనాలనిపిస్తే రారాదు, నేనేమన్న వద్దంటున్ననా?"

అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. అయినా ప్రతి ఆదివారం వెళ్లాను. ప్రతిసారీ చెవి మూసుకుని మీటలు జరిపేవాడు. పాట అయ్యేదాకా ఇంకో గిరాకీని లోపలికి రానిచ్చేవాడు కాదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

ఒక ఆదివారం వెళ్తే దుకాణం లేదు. మేడ్చల్ పోయాడన్నారు. మేడ్చల్ అంతా తిరిగాను, దొరకలేదు.

ఇప్పుడు నా కంప్యూటర్లోనూ ఆ పది మీటలున్నాయి. జరిపి జరిపి అలిసిపోయాను. అమ్మ రావడం లేదు. ఏ మీట ఎక్కడ పెట్టావయ్యా? ఇప్పటికైనా చెప్పు.