తువ్వాలు కింద బుడాపెస్టు

ఇప్పటి పిల్లలకు హోటలు గదంటే ఫోనులో నాలుగు ఫోటోలు, వాటి కింద ఒక ధర, ఆ ధర మీద ఒక నొక్కు. అంతే పని. మా రోజుల్లో అట్లా కాదు. ఇంటికి కొత్తగా వచ్చిన ఇంటర్నెట్టు తీగ హాలు గోడ వెంబడి పాకి, దానికెవరి కాలైనా తగిలితే ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా అరిచే కాలమది. ఆ కాలంలో కర్నూలులో కూర్చుని యూరపులో గది సంపాదించడమంటే ఒక యుద్ధమే. ఆ యుద్ధం నేను చేశాను, గెలిచాను కూడా. (దాన్ని గెలుపు అనొచ్చో లేదో చివరిదాకా చదివి మీరే చెప్పండి.)

మా నాయనకు కర్నూలు పాత ఊర్లో స్టీలు సామాన్ల అంగడి. ఒక పక్క పెదనాయన బట్టల అంగడి, ఇంకో పక్క మేనమామ కిరాణా కొట్టు. నేను నడక నేర్చింది గిన్నెల వరసల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. నా నోట మొదట వచ్చిన మాట ‘అమ్మ’ కాదు, ‘గిట్టదు’ అని మావాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. నాయన పనిగట్టుకుని నాకేమీ నేర్పలేదు గానీ గల్లాపెట్టె పక్కన కూర్చున్న పిల్లకు చూస్తూ ఉంటే చాలు, అన్నీ వచ్చేస్తాయి. నచ్చిన వస్తువు వైపు కన్నెత్తి చూడకూడదు. చెప్పిన ధరలో సగం అడగాలి. ఇవ్వనంటే చెప్పులేసుకుని మెట్లు దిగాలి. మూడో మెట్టు దగ్గర వెనకనుంచి “ఓ అక్కా, రా రా, ఊరికే పోతావేంది?” అని పిలుపు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అవతలి మనిషి మన మొదటి మాటకే సరేనన్నాడంటే మనం నిలువునా మునిగినట్టే.

ఇంత చదువు చదివిన నేను కడపలో కోడలినయ్యాను. మా అత్త అక్కడ ఒక హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్సు, చెప్పేది భూగోళం. ధర అడగడం, అడిగినంత ఇవ్వడం, సంచీ తీసుకుని రావడం, ఇదీ ఆమె పద్ధతి. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఇద్దరం కూరగాయల మార్కెట్టుకు వెళ్ళాం. నేను సొరకాయ దగ్గర బేరం మొదలుపెట్టి తలెత్తి చూస్తే అత్త లేదు. నాలుగు అంగళ్ళ అవతల, నేనెవరో తెలియనట్టు టమోటాలు చూస్తూ నిలబడింది. “మా ఇస్కూలు పిల్లోళ్ళ అమ్మానాయనలు తిరుగుతాంటారు మ్మా ఈడ. వాళ్ళ ముందర సొరకాయకు అంత పంచాయితీనా?” అని ఆటోలో మెల్లగా అంది. ఆ మెల్లదనంలోనే నాకు మార్కులు పడిపోయాయి.

అత్త రిటైరైన ఏడాది ఎండాకాలం సెలవుల్లో కర్నూలు వచ్చింది. (మా ఆయన అక్కడ బ్యాంకులో పని చేసేవాడు, నేనొక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని.) ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి అంది. “డాన్యూబ్ నదిని ముప్పై ఏండ్లు బోర్డు మీద గీసినా. యాడ పుట్టేది, ఏ ఊర్లు తగిలేది, యాడ సముద్రంలో కలిసేది, కండ్లు మూసుకుని చెప్తా. ఒక్కసారి గూడ చూడలే. నా దుడ్లు నాకొచ్చినాయి, నేను పోతా.” మామకు విమానమంటే భయం, మా ఆయనకు సెలవు లేదు. తోడు నేనే అని తేలిపోయింది. టికెట్లు ఆమె కొంటుంది, గదులు చూసే బాధ్యత నాది. వియన్నాలో మూడు రోజులు, బుడాపెస్టులో మూడు రోజులు.

“నీ చేతనైతే ఒకటి చెయ్యి పాపా,” అంది అత్త. “బుడాపెస్టులో నది ఊరి నడిమధ్యలో పోతాది. పొద్దున లేచి కిటికీ తీస్తే అది కనపడాల. ఇంగేమీ వద్దు నాకు.”

“అది నాకొదిలెయ్ అత్తా,” అన్నాను. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. సొరకాయ మచ్చ పోగొట్టుకోవడానికి ఇంతకంటే మంచి అదను నాకు మళ్ళీ రాదు.

అప్పుడే మా కాలేజీలో ఒక లెక్చరరు ఒక వెబ్‌సైటు సంగతి చెప్పింది. అందులో ధర వాళ్ళు చెప్పరు, మనమే చెప్పాలి. ఊరు, అందులో ప్రాంతం, ఎన్ని నక్షత్రాల హోటలు కావాలో ఎంచుకుని, ఇంతైతే ఇస్తానని రాసి కార్డు నంబరు ఇవ్వాలి. ఒప్పుకుంటే డబ్బు అప్పుడే తీసుకుంటారు, ఆ తర్వాతే హోటలు పేరు చెప్తారు. వద్దంటే డబ్బు వెనక్కి రాదు. నాకు ఒళ్ళు పులకరించింది. ప్రపంచంలో ఇట్లాంటి అంగడి ఒకటుందా! ఆ సాయంత్రమే వెళ్ళి నాయనకు చెప్పాను.

“అంగడాయప్ప రేటు చెప్పడా?” అన్నాడు నాయన, తుడుస్తున్న చెంబు పక్కన పెట్టి.

“చెప్పడు. మనమే చెప్పాల.”

“ఎద్దుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేస్తారే, అట్లనా?”

“అట్లనే నాయనా.”

“సరే. ఎద్దును ముందు చూపిస్తారు కదా?”

“లేదు. దుడ్లు ఇచ్చినంక చూపిస్తారు.”

నాయన చెంబును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “ఎద్దును గూడ తువ్వాలు కిందనే పెట్టినారా! జాగ్రత్త పాపా, వాళ్ళు మనకంటే పాత యాపారస్థులు మాదిరి ఉండారు.”

మొదటి బేరం వియన్నా. మామూలు ధర నూట ఇరవై డాలర్లని ఇంకోచోట చూసి పెట్టుకుని, పద్ధతి ప్రకారం అరవై రాశాను. ఒక్క నిమిషం గిర్రున తిరిగి తెర మీద అభినందనలు వచ్చాయి. మా ఆయన చప్పట్లు కొట్టాడు. అత్త “శభాష్” అంది. నేను మాత్రం తల పట్టుకుని కూర్చున్నాను.

“దొరికింది కదా, ఏమైంది నీకు?” అన్నాడు మా ఆయన.

“మొదటి మాటకే ఒప్పుకున్యాడు!”

“అది మంచిదే కదా?”

అంగట్లో పెరగని మనిషికి ఆ దుఃఖం ఎట్లా తెలుస్తుంది? నలభైకి ఇచ్చేవాడేమో. ముప్పై ఐదుకే ఇచ్చేవాడేమో. నాయనకు ఫోను చేసి చెప్పాను. “పోనీలే మ్మా, ఆరోగ్యం చూసుకో” అన్నాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

ఇక బుడాపెస్టు దగ్గర ఆ నష్టమంతా రాబట్టాలని నిశ్చయించుకున్నాను. నది ఒడ్డు ప్రాంతం ఒక్కటే గుర్తుపెట్టి, ఇరవై ఐదు డాలర్లు అడిగాను. కాదన్నాడు. ఆ ప్రాంతానికే మళ్ళీ అడగాలంటే ఒక రోజు ఆగాలి. నేను కంప్యూటరు కట్టేసి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

“ఏం చేస్తాండావు ఈడ?” అన్నాడు మా ఆయన.

“మెట్లు దిగుతాండా. పిలుస్తాడు చూడు.”

పిలవలేదు. సాయంత్రం దాకా నాలుగుసార్లు ఈమెయిలు తెరిచి చూశాను. ఎవరూ “ఓ అక్కా” అనలేదు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఏ అంగడివాడైనా బోణీ బేరం పోగొట్టుకోడు. యూరపులో పొద్దున తొమ్మిదంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర. కాబట్టి రోజూ సరిగ్గా పన్నెండున్నరకు, అక్కడ తలుపు తీసి నీళ్ళు చల్లే వేళకు, బేరం పెట్టసాగాను. ఇరవై ఏడు. ముప్పై. ముప్పై రెండు. అత్త పక్కనే అట్లాసు పట్టుకుని కూర్చునేది. “వాళ్ళడిగింది ఇచ్చేస్తే పోదా మ్మా?” అనేది. “వాళ్ళు అడగరత్తా, అదే కదా తమాషా,” అనేదాన్ని. ఐదో రోజు మా ఆయన తాపీగా అన్నాడు. “హోటలు యూరపులో ఉండాది సరే. ఈ వెబ్‌సైటు అంగడి అమెరికాలో కదా? నువ్వు రోజూ వాళ్ళను నిద్రలో లేపి బోణీ చేస్తాండావు.”

ఆ మాటతో నాకు రోషం వచ్చింది. ప్రయాణానికి ఇక పది రోజులే ఉంది. ఆ వెబ్‌సైటులో ఒక వెసులుబాటు ఉంది. రోజంతా ఆగలేకపోతే ఇంకొక ప్రాంతాన్ని కూడా కలిపి అప్పటికప్పుడే మళ్ళీ అడగొచ్చు. కలిపిన వాటిలో ఎక్కడ గది ఇచ్చినా తీసుకోవాల్సిందే. రెండో ప్రాంతం కలిపి ముప్పై ఐదు అడిగాను. కాదన్నాడు. మూడోది కలిపాను, ముప్పై ఎనిమిది. తెర మీద అభినందనలు! నాలుగు నక్షత్రాల హోటలు, ఈత కొలను కూడా ఉంది, మామూలు ధర నూరు పైనే. నేను కుర్చీలోంచి ఎగిరి దూకాను, తీగకు కాలు తగిలింది, అందరూ అరిచారు. ధర చూసి మురిసిన కళ్ళు మ్యాపు దగ్గరికి రావడానికి పావుగంట పట్టింది. హోటలు ఆ మూడో ప్రాంతంలో ఉంది. నదికి ఐదు కిలోమీటర్లు. మధ్యలో ఒక కొండ.

అత్తకు చెప్పలేదు. “నది దగ్గరేనా పాపా?” అంటే “ఊర్లోనే అత్తా” అన్నాను. (ఇది అబద్ధం కాదు. మా అంగట్లో ‘ఉతికితే రంగు పోదు’ అనడానికి బదులు ‘ఇంతవరకూ ఎవరూ వచ్చి అడగలేదు’ అంటారే, ఆ రకం మాట.)

వియన్నాలో పలహారం దగ్గర ఒక ఇంగ్లీషు ముసలాయనను గదికి ఎంతిచ్చారని అడిగేశాను. నూట నలభై అన్నాడు. అన్నాళ్ళుగా గుండెలో ఉన్న బరువు దిగింది. “తిండి కాడ మనుషుల్ని అట్ల అడుగుతారా మ్మా?” అని అత్త తల దించుకుంది.

బుడాపెస్టులో గదిలోకి వెళ్ళగానే అత్త పెట్టె కూడా దించకుండా కిటికీ దగ్గరికి నడిచింది. కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. తెర లాగింది. ఎదురుగా ఒక పెద్ద అంగడి, దాని ముందు వరసగా కార్లు, పక్కన ట్రాములు నిలిపే షెడ్డు. అత్త ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, అద్దానికి చెంప ఆనించి మూలకూ చూసింది.

“నది యాడుండాది పాపా?”

“ఆ కొండ అవతల అత్తా.”

“నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“ఎంతకిచ్చినారు ఈ గది?”

ఆ సమయంలో కూడా నా గొంతులో గర్వం ఆగలేదు. “ముప్పై ఎనిమిదికే అత్తా! నాలుగు నక్షత్రాలు!”

“బాగుండాది,” అంది అత్త. “శానా చవక.” తర్వాత కళ్ళద్దాలు మడిచి పెట్టెలో పెట్టుకుంది. ఆ ‘బాగుండాది’ విన్నాక నాకు ఆమె స్కూలు పిల్లల మీద జాలి కలిగింది. కిందికి పరుగెత్తి, నది వైపు మీకు ఇంకో హోటలుంటే అందులోకి మార్చండని రిసెప్షను అమ్మాయిని బతిమాలాను. ఆమె చక్కగా నవ్వి కుదరదంది. తలుపు దాకా నడిచి ఆగాను. ఆ అమ్మాయి కూడా పిలవలేదు.

మరునాడు పొద్దున లేచేసరికి అత్త స్నానం చేసి, పట్టుచీర మీద స్వెట్టరు తొడుక్కుని, చేతిసంచీతో తయారుగా ఉంది. “పా,” అంది. ట్రాము ఎక్కి నది దగ్గర దిగాం. అత్త నది వైపు చూడలేదు. ఒడ్డు మీదున్న ఒక పాతకాలపు హోటల్లోకి తిన్నగా నడిచింది. గుమ్మం దగ్గర నా వైపు తిరిగి “నువ్వు నోరు తెరవగూడదు. నా మీద ఒట్టు,” అంది.

హెడ్మిస్ట్రెస్సు ఇంగ్లీషులో, నది కనిపించే గది ఒక్క రాత్రికి ఎంతని అడిగింది. నూట అరవై యూరోలు అన్నాడు కౌంటరు దగ్గరి పెద్దమనిషి. నేను పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్త పర్సు తీసింది. నోట్లు బల్ల మీద పెట్టింది. ఆయన పాస్‌పోర్టు చూసి, యాభై ఐదు దాటిన వారికి పది శాతం తగ్గింపు ఉందన్నాడు.

“ఎందుకు?” అంది అత్త. “నువ్వొక ధర చెప్పినావు. నేను ఒప్పుకున్నా. అంతే తీసుకో.”

ఇక నా వల్ల కాలేదు. “తగ్గించండి సార్! దయచేసి తగ్గించండి!” అని అరిచాను. ఒట్టు గట్టున పెట్టాను. (అత్తకు ఏమీ కాలేదు, ఇప్పటికీ గట్టిగా ఉంది.) ఆయన నవ్వుతూ పదహారు యూరోలు వెనక్కిచ్చాడు. అడగకుండా తగ్గించే మనిషిని నా జీవితంలో అదే చూడడం.

గదిలో అత్త తెర లాగింది. కిటికీ నిండా నది. ఒక తెల్ల పడవ, ఒక వంతెన, అవతలి ఒడ్డున కోట. అత్త కిటికీ రెక్క తీసి, కిందికి వంగి నీళ్ళను పరీక్షగా చూసింది. నాకు భయమేసింది. తర్వాత మెల్లగా అంది. “రంగు తప్పు చెప్పినా పాపా.”

“ఏంది అత్తా?”

“ముప్పై ఏండ్లు నీలం సుద్దముక్కతో గీసినా. ఇది చూస్తే మన కేసీ కాలవ మాదిరి బురద రంగుండాది.” అని పకపకా నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. “ఈ నీళ్ళు మొన్న మనతోపాటు వియన్నాలో ఉండినాయేమో మ్మా. ఇంగ ఈడనుంచి బెల్‌గ్రేడు పోతాయి.” ఆ రోజంతా ఆ కుర్చీ వదల్లేదు. నేనే బయటికి వెళ్ళి రొట్టె, అరటిపండ్లు తెచ్చాను. క్షమించమని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె చేయెత్తి ఏదో పడవను చూపించింది.

కడపలో చుట్టాలెవరైనా యూరపు సంగతి ఎత్తితే అత్త ఇప్పటికీ ఆ కిటికీ గురించే చెప్తుంది. “నూట అరవై అడిగినారు, నూట అరవై ఇచ్చినా,” అంటుంది, నేను సొరకాయ ధర చెప్పినంత గర్వంగా. ఆ పదహారు యూరోల సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు. పరువు తక్కువ. నేనూ చెప్పను.

తువ్వాళ్ళు ఇవ్వడానికి వచ్చిన ఒకామె ఆ రోజు మా ఫోటో ఒకటి తీసింది. అది కడప ఇంట్లో గోడ మీద ఉంది. అత్త కిటికీ దగ్గర, గడ్డం కింద చేయి పెట్టుకుని నదిని చూస్తోంది. వెనక సన్నగా, జడ ముందుకు వేసుకుని నేను. నేను నదిని చూడడం లేదు. తలుపు మీద అంటించిన గదుల ధరల పట్టికను చదువుతున్నాను, వేళ్ళ మీద ఏదో లెక్క నడుస్తోంది. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ పిల్లను భుజం పట్టుకుని కొంచెం నది వైపు తిప్పాలనిపిస్తుంది.