పండగైందన్న కబురు

నిన్న పొద్దున మా వీధిలోకి తోపుడుబండి మీద మామిడికాయలు వచ్చాయి. ఈ ఏటి మొదటి కాయలు, తొడిమ దగ్గర ఇంకా సొన ఆరలేదు. మా కోడలు బండి దగ్గరికి వెళ్ళి రెండు కాయలు చేతిలోకి తీసుకుంది. అంతలోనే నా మొహం చూసి నాలిక కరుచుకుని, తిరిగి బండిలో పెట్టేసింది. బండివాడు మా వీధికి కొత్త. "ఒక ముక్క తిని చూడు పెద్దమ్మా, పులుపు అదిరిపోతది" అంటూ కోసి నా చేతికివ్వబోయాడు. "మాకింకా పండగ కాలేదు నాయనా" అన్నాను. "ఉగాది పోయి పది రోజులాయె, ఇంకేం పండగ?" అని నన్ను ఎగాదిగా చూసి, ఖమ్మం ఎండకి పెద్దావిడకి మతి చలించిందనుకున్నాడో ఏమో, బండి తోసుకుని వెళ్ళిపోయాడు. వాడికి చెప్పాలంటే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాలి. మీకైతే తీరిగ్గా చెబుతాను.

మా నాన్న కొత్తగూడెంలో బొగ్గుబాయి పని చేసేవాడు. ఒకనాడు షిఫ్టు దిగి ఇంటికొచ్చి, ఒంటి మీద మసి అలాగే ఉండగా గుమ్మంలో నిలబడి, "ప్రభువు పిలిచిండు. అడవి పల్లెలకు పోయి సేవ చేద్దాం" అన్నాడట. మా అమ్మది తిరుమలాయపాలెం దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు, మాట తక్కువ మనిషి. "ముందు మొహం కడుక్కోండ్రి, తర్వాత పోదాం" అందట. మా ఇంట్లో అంత పెద్ద నిర్ణయం అంత చిన్న మాటతో అయిపోయింది. పర్మినెంటు నౌకరీ వదిలేసినవాడికి పిల్లనిచ్చామని అమ్మ తరఫువాళ్ళు నెత్తి కొట్టుకున్నారు, మా మేనత్త నెల రోజులు మాట్లాడలేదు. క్వార్టరు తాళంచెవి అప్పజెప్పి, రెండు ట్రంకుపెట్టెలతో బయల్దేరిన రోజు నుంచి మాకు వెనక్కి పోవడానికి చోటు లేదు. నాకప్పుడు ఏడేళ్ళు.

మేం చేరిన ఊరు భద్రాచలం దాటి, బస్సు దిగి, రెండు వాగులు దాటితే వచ్చే కోయపల్లె. వానలు వెనకపట్టిన రోజుల్లో వెళ్ళాం. ఊరి పెద్ద సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడేముందు ఎదుటివాళ్ళని చాలాసేపు చూసేవాడు. మమ్మల్ని కూడా అలాగే చూసి, "మామిడి పండగ దాకా ఉండుండ్రి. గప్పుడు ఊరంత కూసుంటం. ఉండాల్నో పోవాల్నో ఆనాడు చెప్తం" అన్నాడు. నాన్న దాన్ని కూడా ప్రార్థనకి జవాబుగానే తీసుకుని స్తోత్రం చెప్పాడు. ఆ పండగేమిటో, దానికేం కట్టుబాటుందో అడగాలని మాత్రం తోచలేదు. ఏదో జాతర అనుకున్నాడు.

తడికె గోడలకి మట్టి మెత్తిన ఇల్లు మాది. తెల్లవారుజామున మోకాళ్ళ మీద ప్రార్థన, నాకు సగం నిద్రలోనే గడిచేది. ఆ తర్వాత నాన్న చెట్టు కింద పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు. అమ్మ పుండ్లు కడిగి కట్లు కట్టేది, చలిజ్వరానికి మాత్రలిచ్చేది. ఆదివారం ఆరాధనకి మేం ముగ్గురం, ఎదురింటి అవ్వ, అవ్వ మేక. నాన్న పాటెత్తుకుంటే మేక లేచి వెళ్ళిపోయేది. అమ్మ అందుకుంటే మళ్ళీ వచ్చి కూర్చునేది. "దానికున్న జ్ఞానం మనుషులకు లేకపాయె" అని అమ్మ నవ్వేది. అవ్వ మా దేవుడి కోసం కాదు, అమ్మ గొంతు కోసం వచ్చేది. ఆ మాట దాచుకోకుండా చెప్పేది కూడా.

ఎండలు ముదిరేనాటికి అమ్మ నీళ్ళు పోసుకుంది. మూడో నెల. గంజి తాగినా కక్కుకునేది. కళ్ళు లోపలికి పోయాయి. దవాఖానా అంటే భద్రాచలమే పోవాలి, వాగులు దాటి నడిచే ఓపిక అమ్మకి లేదు. ఊరంతా తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోయే కాలమది. పొద్దెక్కేదాకా ఊళ్ళో మనుషులుండరు. అలాంటి ఒక పొద్దున నేను ఊరి చివర మామిడిచెట్ల కిందికి వెళ్ళాను. ముందురోజు గాలికి రాలిన కాయలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి, ఒక్కరూ ముట్టలేదు. ఇంత మంచి కాయలు వదిలేశారేంది, వీళ్ళకి బుద్ధి లేదా అనుకుని, గౌను నిండా ఏరుకుని పరుగెత్తుకొచ్చాను. లేవలేని మా అమ్మ ఆ కాయల్ని చూసి లేచి కూర్చుంది.

ఆ రోజు అమ్మ చేసిన మామిడికాయ పప్పు రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. తాలింపులో ఎండుమిర్చి కూడా లేదు. అమ్మ రెండుసార్లు వడ్డించుకుని తింది, కక్కలేదు. నాన్న నీళ్ళకి వెళ్ళాడు, నేను గిన్నె నాకుతున్నాను. అప్పుడే ఎదురింటి అవ్వ ఇప్పపువ్వు గంపతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. గంప దించలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని, "పండగ కాలే గదమ్మా" అంది.

అవ్వ చెబితే తెలిసింది. మామిడి పండగ చేసి, తొలికాయ వేల్పులకి పెట్టేదాకా ఊళ్ళో పసిపిల్ల కూడా కొత్త కాయ నోట పెట్టదు. ఎవరైనా పెడితే ఆ కీడు తిన్నవాళ్ళకి కాదు, ఊరికి. చెప్పడం అయ్యాక అవ్వ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గిన్నె కడిగెయ్. టెంకలు పాతిపెట్టు. నేను సూడలేదనుకో" అని వెళ్ళిపోయింది.

నాన్న వచ్చాక అమ్మ సంగతి చెప్పింది. ఇంకో నాలుగు రోజుల్లో ఊరు కూర్చుంటుంది. పండగ ఎప్పుడో ఆరోజే తేలుస్తారు, మేం ఉండాలో పోవాలో కూడా ఆరోజే. నాన్న తల పట్టుకున్నాడు. లోకంలో తొలి తప్పు కూడా పండు దగ్గరే జరిగిందని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చివరికి, "అవ్వ చెప్పదు. నువ్వూ చెప్పకు. మనం పోతే ఈ పిల్లలకు చదువు చెప్పేదెవరు? సేవ ఆగిపోతది" అన్నాడు. ప్రతి ఆదివారం సత్యం గురించి చెప్పే మా నాన్న, మేకకి కూడా చెప్పిన మా నాన్న, ఆ మాటన్నాడు. అందుకు నాన్నని తక్కువ చేసి చెప్పడం లేదు. ఎటూ పోయే చోటు లేనివాడికి భయమెలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. అమ్మ మాత్రం, "మనం తొలిపంట ప్రభువుకు పెట్టనిది తింటమా? వాళ్ళదీ అదే గద. మన కానుక సంచిల ఎవరన్న చెయ్యి పెడితే ఊకుంటరా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పక్కకి తిరిగి పడుకుంది.

ఊరు కూర్చున్నది ఒక సాయంత్రం పూట. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. పండగ ఎనిమిదో రోజున అని తేల్చారు. ఆ తర్వాత మా సంగతి వచ్చింది. ఒకాయన, అయ్యగారు పిల్లలకి మంచిగా చెబుతున్నాడన్నాడు. ఇంకొకాయన, అమ్మగారి మాత్రలకి తన కొడుకు లేచాడన్నాడు. నాన్న మొహంలో వెలుగు వచ్చింది. ఇంకొక్క నిమిషం ఆగితే పని అయిపోయేది. అమ్మ లేచి నిలబడింది.

"నేను మామిడికాయ తిన్న. పండగ సంగతి నాకు తెల్వదు. తెల్వకున్నా తినుడు తినుడే. నన్నేం చెయ్యమంటరో చెప్పుండ్రి" అంది.

అవ్వ తల వంచుకుంది. పెద్దాయన అమ్మని చాలాసేపు చూసి, "కాయలు తెచ్చిందెవరు?" అన్నాడు. నేను అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. అమ్మ చెయ్యి వెనక్కి వచ్చి నా తల మీద ఆగింది. "వండింది నేను, తిన్నది నేను. తప్పు నాది" అంది. అబద్ధం ఆడలేదు, నన్నూ పట్టివ్వలేదు.

వెనక నుంచి ఎవరో, తప్పు కింద వేల్పులకి కోడిని పెట్టించాలన్నారు. అప్పుడు నాన్న లేచాడు. "కోడి పెడితే నా దేవుడి దగ్గర నేను తప్పయిత. పెట్టకుంటే మీ దగ్గర తప్పయిత. పొమ్మంటే పోతం, కోపమేం లేదు" అన్నాడు. నాలుగు రోజుల కింద నోరు మూసుకోమన్న మనిషి, అమ్మ పక్కన వచ్చి నిలబడ్డాడు.

పెద్దాయన ఇంకా అమ్మనే చూస్తున్నాడు. "నిన్ను సూసినోళ్ళున్నరా?" అన్నాడు. అమ్మ అవ్వ వైపు చూడలేదు. "నాకు నేనే చెప్తున్న" అంది.

"పండగ కాకముందు తిన్నోళ్ళు ఈ ఊళ్ళె శానామంది ఉంటరు. నేను సుత చిన్నప్పుడు తిన్న" అన్నాడు పెద్దాయన. జనంలో గుసగుస లేచింది. "వచ్చి చెప్పినోళ్ళని నేను సూడలే. కోడి వద్దు. నీ తప్పుకు ఇదే కట్టుబాటు. ఇగ మీద ఏ యేడు గానీ, నువ్వు యాడున్న గానీ, మా పండగ కాంది కాయ ముట్టొద్దు. నీ పిల్లలు సుత. పండగైందని కబురు మేం పంపుతం. ఊళ్ళె ఉండుండ్రి."

అంతే. మేం ఆ ఊళ్ళో పదకొండేళ్ళు ఉన్నాం. తమ్ముడు అక్కడే పుట్టాడు. పండగ అయిన ప్రతిసారీ పెద్దాయన మా గుమ్మం దాకా వచ్చి, "అయింది, తినుండ్రి" అని ఒక్క మాట చెప్పి పోయేవాడు. నాన్నని బూర్గంపాడు వైపు సంఘానికి మార్చాక, కబురు సంతకి వచ్చేవాళ్ళ నోట వచ్చేది. ఒక్క ఏడు కూడా తప్పలేదు. నా పెళ్ళి ఎండాకాలంలో అయింది. విందులో మామిడికాయ పప్పు ముట్టకుండా కూర్చుంటే, పిల్లకి ఈ సంబంధం ఇష్టం లేదేమోనని అత్తగారింట్లో గుబులు పడ్డారు. సంగతి తెలిశాక మా ఆయన, "మీ అమ్మ తింటే నాకు శిక్షేంది?" అని ఏటేటా అంటూనే, ఏటేటా నాతోపాటు ఆగాడు. నాన్న పోయాడు. పెద్దాయనా పోయాడు. ఆయన మనవరాలు అంగన్‌వాడీ టీచరు, ఇప్పుడు ఆమె ఫోను చేస్తుంది.

పోయిన ఎండాకాలం అమ్మ నా దగ్గర మంచంలో ఉంది. ఏం పెట్టినా రెండు చెంచాలు. ఆమెకి ఇష్టమైంది ఏదైనా పెట్టండి అన్నాడు డాక్టరు. ఆ మాటకి అర్థం నాకు తెలిసింది, అమ్మకీ తెలిసింది. రోజూ పొద్దున్నే ఒకటే ప్రశ్న: "ఫోన్ వచ్చిందా?" బజార్లో కాయలు నిండుగా ఉన్నాయి. పండగ ఇంకా పది పన్నెండు రోజులుంది. ఒకరోజు నేను తట్టుకోలేక, "వచ్చిందమ్మా" అన్నాను. అమ్మ నా వైపు తిరిగి, "ఏమన్నది?" అంది. నేను దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. అమ్మ నా చెయ్యి తడిమి, "పోనీలే, ఆగుదాం" అంది. ఏడేళ్ళప్పుడు నా తల మీద ఆగిన చెయ్యే అది.

ఆ మధ్యాహ్నం ఊరికి ఫోను చేసి, అమ్మ ఎలా ఉందో మాత్రం ఆ అమ్మాయితో చెప్పాను. ఇంకేమీ అడగలేదు. మూడో రోజు పొద్దెక్కాక ఫోను మోగింది. వెనక డోళ్ళ మోత. "అత్తా, పండగైంది, అమ్మమ్మకు పెట్టు" అంటోంది ఆ అమ్మాయి. ఇంత ముందేంది బిడ్డా అన్నాను. "నిన్న ఊరు కూసున్నది. అమ్మమ్మ ఆగుతనే ఉన్నదట, మనం ఆగుడేంది అన్నరు పెద్దోళ్ళు" అంది. నేను గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాను. జీవితమంతా ప్రార్థనల్లో పెరిగినదాన్ని, ఎన్నో సాక్ష్యాలు విన్నదాన్ని. ఆ రోజు మాత్రం స్తోత్రం కూడా నోటికి రాలేదు.

అమ్మ నాలుగు ముద్దలు తింది. "ఉప్పు తక్కువైంది" అంది. వారం తిరక్కుండా వెళ్ళిపోయింది. పండగ మామూలు రోజున చేసి ఉంటే ఆ ముద్ద ఆమెకి దక్కేది కాదు. కాలం ఎవరి కోసమూ ఆగదని అందరూ అంటారు. ఆగదు, నిజమే. కానీ ఆ ఊళ్ళో ఒక్కసారి అది మా అమ్మ కోసం వారం రోజులు ముందుగానే నడిచి వచ్చింది.