మా స్లాబ్ మీద మెంతికూర

ఇన్నేళ్లకు చిట్కుల్‌లో మా ఇంటి మీద రెండో స్లాబ్ పడింది! ఇవాళ పొద్దున మేస్త్రీ మట్టితో గట్లు కట్టి, మోటారు వేసి నీళ్లు వదలగానే తడి సిమెంటు వాసన గుప్పుమంది. అంతే, నేను మళ్లీ మూడో తరగతి!

మీకూ గుర్తుందా? కొత్త స్లాబ్ ఎండకుండా మడుల్లా నీళ్లు నిలబెట్టేవారు కదా! చల్లటి ఆ నీళ్లలో కాగితం పడవలు వదలని వాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా?

మా నాయినమ్మ పుట్టి పెరిగింది హత్నూర పొలాల్లో. మడి ఖాళీగా కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. ఎవరికీ చెప్పకుండా మొదటి స్లాబ్ గట్ల పొడవునా మెంతులు చల్లేసింది. నాలుగో రోజుకు పైనంతా పచ్చటి గీతలు! ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బాపు చూసి అదిరిపడ్డాడు.

"ఏందమ్మా ఇది? వేర్లు దిగితే స్లాబ్ ఉరుస్తది! పీకెయ్!"

"మడి గట్టి నీళ్లు వెట్టినంక ఉత్తగ ఉంచుతర్రా? ఇంకో పది దినాలు ఆగు, పప్పుల ఏస్త."

మా సొంతింట్లో మొదటి పంట అదే. ఆ పప్పు బాపు కంచంలో రెండుసార్లు వేయించుకున్నాడు. స్లాబ్ ఇప్పటికీ ఒక్క చుక్క ఉరవలేదు!

ఈ సాయంత్రం మెట్లెక్కి చూస్తే, డెబ్బై ఏళ్ల బాపు గట్టు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే గుప్పిలి వెనక్కి దాచాడు.

"ఏంది బాపూ అది?"

"ఏం లే బిడ్డా... మడి ఉత్తగ ఉంచొద్దు."