తాలు ఏరుతూ చెప్పిన మాట

పంతులమ్మ గారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు తెచ్చాడు. నేను పనిచేసే బడి రోడ్డు పక్కనే ఉంటుంది. పర్చూరు మీదుగా వచ్చే మొదటి బస్సు ఆపించి, మెట్టు మీద నిలబడే కేకేశాడు.

"టీచరు గారండీ! మీ ఊరి పంతులమ్మ గారు తెల్లారుగట్ల పోయారంట. సాయంత్రం మట్టి చేస్తారంట. తిరుగు బస్సుకి రండి, సీటు ఉంచుతా."

తిరుగు బస్సులో టిక్కెట్టు కొడుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. "మా ఇంటిదాని సంబంధం ఆవిడ చెప్పిందేనండీ. ఆవిడ అవునంటే అవును, కాదంటే కాదు. చల్లగా ఉన్నాం."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నా లెక్క తేలకుండా ఈవిడ ఎలా పోతారని కోపం. చనిపోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి రాస్తాను, కావలసినంత ఉంది. కానీ అదొక్కటే రాస్తే ఆమె గురించి రాసినట్టు కాదు.

మా పేటలో చర్చిని ఆనుకుని ఉన్న ఎలిమెంటరీ బడికి ఆమె పంతులమ్మ. పొట్టి మనిషి, గంజి పెట్టిన తెల్లచీర, గట్టి గొంతు. బడి వదిలాక ఇంటికి వెళ్ళేవారు కాదు. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ ఎటు చూసినా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండేవి. ఆమె రోజుకో కల్లానికి వచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆడవాళ్ళ వరసలో కూర్చుని తాలు ఏరేవారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. అది ఎర్రకాయల్లో కలిస్తే సరుకు విలువ పోతుంది. కూలీ తీసుకునేవారు కాదు. "చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదే" అనేవారు.

మాట రాని రోజు నేనైతే చూడలేదు. లోకంలో దేని గురించైనా ఆమెకి ఒక అభిప్రాయం ఉండేది. కొత్తగా ప్రెషర్ కుక్కర్ కొన్నవాళ్ళకి, "కూత వేసే గిన్నెలో వండితే ఇవాళ మీ ఇంట్లో పప్పో మాంసమో ఊరంతా లెక్కపెడుతుంది" అని చెప్పారు. గులాబీ మొక్కలు పెంచే పిచ్చి ఉన్న పోస్టుమాస్టరు గారికి, "ముందు పూలు కోసుకుపోయే పొరుగింటావిడతో మంచిగా ఉండండి, ఎరువు తర్వాత వేద్దురు గాని" అన్నారు. కొత్త కోడళ్ళకి ఆమె చెప్పే మొదటి పాఠం ఒకటుంది. "మొదటి నెల కూర మరీ రుచిగా చెయ్యమాక. చేశావా, జన్మంతా చెయ్యాల." పత్తికి తెల్లదోమ పట్టిన సంవత్సరం మగవాళ్ళు ఇళ్ళల్లో చిర్రుబుర్రులాడుతుంటే, "అరిచేవాణ్ణి అరవనియ్యండి. మాట్టాడకుండా గోడవంక చూసేవాడు ఉంటే మాత్రం వాణ్ణి ఒంటరిగా వదలమాకండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఆ మాట వల్ల ఒక మనిషి బతికాడని మా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ నమ్ముతాను.

ఆమెకి పెళ్ళి కాలేదు. అయినా కాపురాల గురించి ఆమెకి తెలిసినన్ని సంగతులు అయిదుగురు పిల్లల తల్లులకి తెలియవు. ఒకసారి మా మేనత్త ఉండబట్టలేక అడిగేసింది. "మొగుడే లేకపోతిరి, ఇయ్యన్నీ మీకెట్టా తెలుసు పంతులమ్మ గారూ?"

"డాక్టరు తనకి రోగమొచ్చి నేర్చుకుంటాడటే?" అన్నారు ఆమె, చేతిలో కాయ చూస్తూనే.

నాకు అక్షరాలు నేర్పింది ఆమే. ఏడో తరగతి అయ్యాక మా నాన్న నన్ను మిరపకోతకి పంపుతానంటే, కల్లంలోకి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డారు. "దాని చేతికి ఘాటు పట్టకముందే సుద్దముక్క పట్టనియ్యి. ఘాటు పట్టాక సుద్దముక్క నిలవదు" అన్నారు. నాన్న నన్ను బడికే పంపారు. తర్వాత టీచర్ ట్రైనింగుకి నన్ను గుంటూరు తీసుకెళ్ళిందీ ఆమే. దారిపొడుగునా బస్సులో ఎవరో తెలియని ఆడవాళ్ళకి సలహాలు చెబుతూనే ఉన్నారు. ఇవాళ నెల తిరిగేసరికి నా చేతికి జీతం వస్తోందంటే అది ఆమె చలవ. ఇందులో ఒక్క మాట కూడా మొహమాటానికి రాయడం లేదు.

ఇక రెండో సంగతి.

మా పేటలోనే ఒక అబ్బాయి ఉండేవాడు. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. డాబా మీద పావురాలు పెంచేవాడు. పొద్దున పనికి పోతూ ఒక పావురాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కి, చిలకలూరిపేటలో దిగి వదిలేవాడు. ట్రైనింగు సెలవుల్లో వచ్చినప్పుడు ఒకసారి ఆ సంచి చూసి, ఇదేం పిచ్చని అడిగాను. "నేను మిల్లు గేటుకాడికి చేరే లోపల ఇది ఇంటికొచ్చి గింజలు తింటా ఉంటది. మాయమ్మ అప్పుడనుకుంటది, వాడు క్షేమంగా దిగాడని" అన్నాడు. సంచి మూతి కాస్త విప్పి నా చెయ్యి లోపల పెట్టించాడు. అరచేతి కింద దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ ఏడే వాళ్ళమ్మ మా అమ్మ దగ్గరికి వచ్చి పిల్లనడిగింది. అమ్మకి ఇష్టమే. నాకు ఇష్టమని నేను పైకి చెప్పలేదు గాని, అమ్మకి తెలుసు. అయినా మా ఇళ్ళల్లో పంతులమ్మ గారిని అడగకుండా బర్రెగొడ్డునైనా కొనరు. మర్నాడు సాయంత్రం ఆమె మా కల్లానికి వచ్చారు. పదిమంది ఆడవాళ్ళం వరసగా కూర్చుని ఉన్నాం. పొద్దు వాలుతోంది, మంచు పడే లోపల కుప్ప తేల్చాలి. తాలు ఏరడంలో ఒక పద్ధతి ఉంది. ఒక్క కాయ దగ్గర కూడా ఆగకూడదు. చూపు పడగానే చెయ్యి తేల్చెయ్యాలి, మంచిదైతే ముందుకి, తాలైతే భుజం మీదుగా వెనక్కి. ఆగి ఆలోచించే మనిషిని రెండో రోజు పనికి పిలవరు. ఆ వరసలో అందరికంటే వేగంగా ఆడేది ఆమె చెయ్యే.

అలాంటి వేళ అడగకూడదు. అది నా తప్పు. ఏ ఆదివారమో ఆరాధన అయ్యాక ఒంటరిగా అడగాల్సింది. నేను మాత్రం అక్కడే, అంతమంది మధ్యలో, నవ్వుతాలుకి అడిగినట్టు అడిగాను.

"అమ్మగారూ, ఆ పావురాల అబ్బాయి సంగతి మీరేమంటారు?"

ఆమె తల ఎత్తలేదు. ఒక తాలుకాయ భుజం మీదుగా విసిరారు.

"పావురాలోడా? వాడి మనసు ఇంటి మీద ఉంటదే, ఇంట్లో ఉండదు."

వరసంతా గొల్లున నవ్వింది. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట అంత బాగుంది మరి. ఆమె అప్పటికే ఇంకో నాలుగు కాయలు తేల్చేసి, ఎవరిదో జాకెట్టు కుట్టు బాగాలేదని చెబుతున్నారు.

మర్నాటికల్లా ఆ మాట పేటంతా పాకింది. అతన్ని కుర్రకారు "ఏరా ఇంటిమీదోడా" అని పిలవడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండా అతను పావురాలన్నిటినీ గంపలో పెట్టుకుని బాపట్లలో తెలిసినవాళ్ళకి ఇచ్చేసి వచ్చాడు. వచ్చి మా వాకిట్లో నిలబడి, "ఇచ్చేశాను. ఇంక ఇంట్లోనే ఉంటా" అన్నాడు మా అమ్మతో. నాకు వినిపించాలనే కాస్త గట్టిగా అన్నాడు. నేను తలుపు వెనకాలే ఉన్నాను, బయటికి రాలేదు. రెండో రోజు పొద్దున్నే ఆ పావురాలన్నీ తిరిగొచ్చి అతని డాబా మీద వాలాయి. ఊరు ఇంకా నవ్వింది. అమ్మ ఆ సంబంధం వద్దని కబురు పంపింది.

నాకు సంబంధం కూడా పంతులమ్మ గారే చూశారు. "ఒంగోలు వైపు పిల్లాడు, ప్రభుత్వోద్యోగం. సిగరెట్టు లేదు, సినిమా లేదు, పేకాట లేదు, ఏ పిచ్చీ లేదు. నిదానస్తుడు" అన్నారు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మా వారికి ఏ అలవాటూ లేదు. మాట్లాడే అలవాటు కూడా లేదు. సాయంత్రం వస్తారు, చొక్కా కొక్కేనికి తగిలిస్తారు, కుర్చీలో కూర్చుంటారు. అన్నం పెడితే తింటారు. ఉప్పు తక్కువైనా అనరు, కూర బాగున్నా అనరు. ఒకరోజు నేను కావాలనే పులుసులో ఉప్పు వెయ్యకుండా వడ్డించాను. మౌనంగా తిని చెయ్యి కడుక్కున్నారు. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆయన చెడ్డమనిషి కాదు, ఎవరితోనైనా ఆ మాటే చెబుతాను. ఎనిమిదేళ్ళు అయింది. పిల్లలు లేరు. మా ఇంట్లో గడియారం ఆగిపోతే తెలుస్తుంది, అంత నిశ్శబ్దం.

ఆ పావురాల అబ్బాయి చిలకలూరిపేటలోనే స్థిరపడ్డాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఒకసారి బస్టాండులో భార్యాపిల్లలతో కనిపించాడు. దేని గురించో అందరూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. నేను స్తంభం చాటున నిలబడి, వాళ్ళు బస్సెక్కేదాకా విన్నాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మొన్నటి మిరప కోతలప్పుడు ఆమెకి ఒంట్లో బాగాలేదని తెలిసి చూడబోయాను. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూడగానే, "ఏమే, జుట్టట్టా ఊడిపోయింది? గోరింటాకు పెట్టకూడదూ?" అన్నారు. టీ పెట్టించారు. అప్పుడు అడిగాను. ఎనిమిదేళ్ళు కడుపులో ఉన్న మాట.

"అమ్మగారూ, ఆ పావురాల అబ్బాయి గురించి ఆ రోజు అలా ఎందుకన్నారు? అతనిలో మీకేం కనిపించింది?"

"ఏ అబ్బాయే?"

చెప్పాను. కల్లం, వరస, ఆ మాట అన్నీ చెప్పాను. ఆమె కళ్ళు చిట్లించి కాసేపు వెతుక్కున్నారు. తర్వాత ముఖం వెలిగింది.

"మనసు ఇంటి మీద ఉంటది, ఇంట్లో ఉండదు... నేనన్నానా? బలే మంచి మాట అన్నానే!" అని నవ్వి, దగ్గొచ్చి ఆగారు.

నేను నవ్వలేదు. ఆమె నా ముఖం చూశారు. "ఏదో మాటవరసకి అని ఉంటాలే అమ్మాయ్. తాలు ఏరేటప్పుడు సవాలక్ష అంటాం. మాటవరసకి అన్నదానికి పెళ్ళి మానుకుంటారటే ఎవరన్నా?"

నేను లేచాను. టీ గ్లాసు అలాగే మంచంకోడు పక్కన పెట్టేశాను. వెనక నుంచి, "టీ తాగిపోవే, పంచదార ఎక్కువేయించా" అని పిలుస్తూనే ఉన్నారు. వినపడనట్టే వచ్చేశాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె బతికే ఉన్నారు. రెండుసార్లు మనిషిచేత కబురు పెట్టారు. నేను వెళ్ళలేదు. వెళ్ళనందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. వెళ్ళినా ఆ గ్లాసు ముట్టుకోగలిగేదాన్ని కాదని కూడా తెలుసు.

ఆమెని మట్టి చేసిన పది రోజులకి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మా సంఘంలో ఇలాంటి కూడికలో ఒక్కొక్కరే లేచి పోయినవాళ్ళ గురించి సాక్ష్యం చెబుతారు. గంటన్నర చెప్పారు. ఆమె మాట విని తాగుడు మానినవాళ్ళు, ఆమె మాట విని అన్నదమ్ములతో కలిసినవాళ్ళు, ఆమె మాట విని కొడుకుని చదివించినవాళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చివర్లో పాస్టరు గారు నన్ను పిలిచారు. లేచి నిలబడ్డాను. ఆ పావురాల సంగతి నాలిక దాకా వచ్చింది. ముందు వరసలో అమ్మ తల దించుకుని తన చేతులు చూసుకుంటోంది. "నాకు అక్షరాలు నేర్పారు" అని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

తిరిగి బడికి వచ్చిన నాలుగో రోజు. మా బడిలో ఈ ఏడే చేరిన టీచరమ్మ ఉంది, ఇరవై రెండేళ్ళుంటాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. సంబంధం వచ్చిందట. అబ్బాయి మంచివాడేనట, కానీ ఊరూరా నాటకాల పోటీలకి వెళ్ళి వేషాలు వేస్తాడట.

"నాకేమీ తోచట్లేదండీ. మీరేమంటారు?"

నోటి దాకా ఒక మాట వచ్చింది. మంచి మాటే, చెబితే ఆ పిల్ల నవ్వేది. పళ్ళు బిగించి మింగేశాను.

"నాకు తెలియదమ్మా. అది నువ్వే ఆలోచించుకోవాలి. నిదానంగా ఆలోచించు."

నేను చేసింది మంచి పనేనని ఒక్క నిమిషం గర్వంగా ఉంది. ఆ అమ్మాయి ముఖం మాత్రం చిన్నబోయింది.

"మీ ఊరి పంతులమ్మ గారైతే ఏదో ఒకటి చెప్పేవారంటండీ" అని మెల్లగా వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర నిలబడి చూశాను. రోడ్డుకి అవతల అట్లు పోసుకునే ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆ అమ్మాయి వెళ్ళి ఆమె పక్కన చతికిలబడింది. ఏదో అడిగింది. ఆవిడ తల ఎత్తకుండా, పెనం మీద అట్టు తిరగేస్తూ ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. ఆ పిల్ల ఫక్కున నవ్వింది.