నొక్కి చూసే మనిషి

మురళీమోహన్ పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగి. ఇంట్లోనూ అదే ఉద్యోగం. పాల ప్యాకెట్ వాసన చూస్తాడు, పెన్ను నాలుగు గీతలు గీసి గానీ కొనడు, తాళం వేశాక గట్టిగా మూడుసార్లు లాగుతాడు. మూర్ఛలొచ్చే కూతురు సత్యశ్రీ కోసం డాక్టర్ ముక్కులో కొట్టే మందు రెండు రాశాడు. ఒక్కోటి ఒక్కసారి నొక్కితే అయిపోతుందనీ, అవసరం పడేదాకా కవరు విప్పొద్దనీ మరీ మరీ చెప్పాడు. మురళీమోహన్ ఇంటికి రాగానే ఒకటి విప్పి గాల్లోకి నొక్కాడు. “బ్రహ్మాండంగా పనిచేస్తోంది!” అన్నాడు తృప్తిగా. భార్య అన్నపూర్ణ రెండోదాన్ని తీసుకెళ్లి చీరల మడతల్లో దాచేసింది.

పది రోజులకి, ఆదివారం మధ్యాహ్నం, సత్యశ్రీ హాల్లో పడిపోయింది. అన్నపూర్ణ పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూసింది. డాక్టర్ చెప్పిన ఐదు నిమిషాలూ దాటినా కొట్టుకోవడం ఆగలేదు. ఆమె మందు తెచ్చింది.

“ఇటివ్వు, ఒక్కసారి చూసి...” అంటూ మురళీమోహన్ చెయ్యి చాచాడు.

“చెయ్యి తియ్యండి!” అని అరిచింది. పదహారేళ్ల కాపురంలో అదే మొదటి అరుపు. పిల్ల ముక్కులో ఒకవైపు పెట్టి నొక్కింది.

కాసేపటికి పిల్ల ఒళ్లు సడలి నిద్రలోకి జారింది.

“ఇది మత్తుమందు. ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో చూస్తూ ఉండమన్నారు. ఇక్కడ కూర్చోండి,” అంది అన్నపూర్ణ.

ఆయన కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాడు. అది లేచి “ఆకలేస్తోంది నాన్నా” అనేదాకా అక్కణ్ణించి కదల్లేదు.