టేకు పెట్టెలో రొద

రామస్వామికి ఒక జబ్బుంది. ఏ వస్తువైనా అలా ఎందుకుందో తెలియకపోతే అన్నం సయించదు. ఎల్బీనగర్‌లో నాగోల్ వైపు వెళ్లే రోడ్డు పక్క సందులో ఆయన వడ్రంగి షాపు. ఇరవై రెండేళ్ల వయసులో నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, ముప్పై మూడేళ్లుగా తలుపులు, మంచాలు, దేవుడి మందిరాలు చేస్తున్నాడు. కోత మిషను మోతలోనే తినడం, ఆ మోతలోనే ఫోన్లు మాట్లాడటం అలవాటు. గొళ్లెం ఎటువైపు పెడతావయ్యా అని అడిగితే గొళ్లెం పుట్టు పూర్వోత్తరాల దగ్గర మొదలుపెడతాడు. కస్టమర్లు విసుక్కుంటారు. విసుక్కున్నవాళ్లే మళ్లీ ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు.

అలాంటి మనిషి ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో సాంబమూర్తి గారింటికి వంటింటి అరలు బిగించడానికి వెళ్లాడు. సాంబమూర్తిది గుంటూరు వైపు. టెలిఫోన్ శాఖలో రిటైరై, డెబ్బై రెండేళ్ల వయసులో ఇంట్లో కూర్చుని ఆంప్లిఫయర్లు తయారు చేస్తుంటాడు. హాల్లో బల్ల మీద వైర్లూ పార్టులూ పరిచి ఉన్నాయి. రామస్వామి అరల సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాడు.

“గిది ఏం చేస్తది సారూ?”

“చిన్న గొంతుని పెద్దది చేస్తుందండీ. టేపులో ఉన్న పాటని స్పీకరుకి అందిస్తుంది.”

“మా అమ్మ పాట గూడ అందిస్తదా?”

అసలు సంగతి అదీ. రామస్వామి తల్లి ముత్తమ్మ నాట్ల పాటలు పాడేది. ఇరవై ఏళ్ల కిందట చెల్లెలు సంతోషి ఊళ్లో ఎవరిదో టేప్‌రికార్డర్ అడిగి తెచ్చి, అమ్మ చేత పాడించి, ఆ క్యాసెట్‌ను అన్నకు పంపింది. మరుసటేడే ముత్తమ్మ పోయింది. షాపులో ఆ క్యాసెట్ పెట్టినప్పుడల్లా పాట వెనక గుయ్యిమని ఒకటే రొద. పాట అయిపోయాక మిగిలేది ఆ రొదే కదా అని టక్కున ఆపేసేవాడు. మూడు టేప్‌రికార్డర్లు మార్చాడు, రొద మారలేదు. అమ్మ గొంతు ఒక్కసారి శుభ్రంగా వినాలి, ఆయన కోరిక అంతే.

ఒప్పందం అక్కడికక్కడే కుదిరింది. లోపలి సామాను సాంబమూర్తిది, పెట్టె రామస్వామిది.

ముప్పావు అంగుళం మందం టేకుతో పెట్టె చేశాడు. పెళ్లి మంచానికైనా అంత నునుపు పెట్టి ఉండడు. వెనక పలకకి రంధ్రాలు వేసి, టేప్‌రికార్డర్ వైర్లు గుచ్చే సాకెట్లు దూర్చాడు. దూర్చినవి దూర్చినట్టే చెక్కలో మునిగిపోయాయి. వాటి మర అవతలికి రాలేదు, నట్టు పట్టడానికి అంచు దొరకలేదు.

“ఇవి రేకు డబ్బాల కోసం చేసినవండీ,” అన్నాడు సాంబమూర్తి. “మర పావు అంగుళమే. చెక్క పలచన చెయ్యాలి.”

రామస్వామి ముఖం మాడిపోయింది. మందం తగ్గించమన్న కస్టమర్లని వాకిట్లోంచే పంపించేసిన చరిత్ర ఆయనది. కానీ నట్టు పడితే ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం ముందు ఆ పరువు ఎంతసేపు నిలుస్తుంది? లోపలివైపు సాకెట్ల చుట్టూ గుంటలు తొలిచి, చెక్కను అప్పడమంత పలచన చేశాడు. నట్టు పట్టింది. మూడోరోజు సాంబమూర్తి వైరు లాగితే, పన్నుతో పాటు చిగురు ఊడివచ్చినట్టు చెక్క ముక్కతో సహా సాకెట్టు ఊడి చేతికొచ్చింది.

రామస్వామికి కోపం రాలేదు, దారి తెలిసింది. వెనక పలకలో కిటికీ కోసి, అంచులు గాడి తీసి, అందులో అల్యూమినియం రేకు గోరు కూడా తగలనంత సమంగా కూర్చోబెట్టాడు. సాకెట్లన్నీ ఆ రేకు మీద బిగించాడు.

“ఇది ఇంకా మంచిదండీ,” అన్నాడు సాంబమూర్తి, టంకం పెడుతూ. “చెక్కలో వీటికి ఎవరి కుంపటి వాళ్లదే. రేకు అన్నిటినీ ఒకింటికి చేరుస్తుంది. ఆ గుయ్యిమనే హమ్ము పోతుంది.”

పోయిందనే అనుకున్నాడాయన. రామస్వామి మాత్రం స్పీకరు దగ్గర చెవి పెట్టి, “ఉంది సారూ, సన్నగ,” అన్నాడు.

డెబ్బై దాటిన తన చెవుల మీద సాంబమూర్తికి నమ్మకం లేదు. “మీరు చిన్నవారు, మీరే కరెక్టు,” అని మళ్లీ విప్పాడు. కోఠి నుంచి కొత్త వైర్లు తెచ్చాడు. పెట్టె లోపలంతా వంటింటి ఫాయిల్ అతికించాడు. ప్రతిసారీ, “ఇప్పుడు?” అంటే, “జర తగ్గింది గానీ ఉంది,” అనేవాడు రామస్వామి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, వీళ్లకి పదిహేను రోజులైనా ఎలుక కూడా దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నారు. కరెంటు ఉందో లేదో చూపించే చిన్న దీపం పెట్టె ముందు ఇంకా బిగించలేదు. సాంబమూర్తి స్విచ్చి నొక్కి, పాట పెట్టకుండా, “ఇప్పుడు వినండి,” అన్నాడు. రామస్వామి కళ్లు మూసుకున్నాడు.

“ఉంది సారూ. గట్లనే ఉంది.”

వంటింట్లోంచి సాంబమూర్తి భార్య సూర్యప్రభ వచ్చింది. “దేన్ని వింటున్నారండీ ఇద్దరూ? ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు పొద్దున్నే మిక్సీకి పట్టుకెళ్లాను నేను.”

సాంబమూర్తి వంగి వైరు లాగాడు. పెట్టె ప్లగ్గు సోఫా కింద నేల మీద పడుంది. ఆయన పడీపడీ నవ్వాడు. రామస్వామి నవ్వలేదు. రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు.

“మూస్తే ఇంకింత ఎక్కువైంది,” అన్నాడు మెల్లగా. “సారూ, మీకు లేదా గిది?”

“లేదండీ.” సాంబమూర్తి నవ్వు ఆగిపోయింది.

“అమ్మా, మీకు?”

సూర్యప్రభ తల అడ్డంగా ఊపింది. “ఎప్పట్నుంచి ఉంది మీకు?”

“ఎన్నడు లేకుండె గనక? అందరికి ఉంటదనుకున్న. పాట వెనకది మాత్రం టేపుదే అనుకున్న.”

మూడు టేప్‌రికార్డర్లు, ఈ పెట్టె, దాని సాకెట్లు, ఏ పాపం ఎరుగనివన్నీ ఒక్కొక్కటే ఆయనకి గుర్తొచ్చాయి. వాటన్నిటి వెనక ముప్పై మూడేళ్ల కోత మిషను కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎందుకు అని అడగడానికి రామస్వామికి భయమేసింది.

సూర్యప్రభే బోర్డు తెచ్చి, ప్లగ్గు పెట్టి, “అమ్మగారి పాట పెట్టండి,” అంది.

ముత్తమ్మ గొంతు హాలంతా నిండింది. ఇంత పెద్దగా ఆయన ఎన్నడూ వినలేదు. రొద ఉండనే ఉంది, కానీ ఈసారి దాన్ని తిట్టుకోలేదు. పాట అయిపోయింది. అలవాటుగా చెయ్యి బటన్ మీదికి వెళ్లింది.

“ఉండండి!” సూర్యప్రభ ఆ చెయ్యి ఆపింది. “ఆవిడ ఇంకా ఏదో మెల్లగా అంటున్నారు.”

రామస్వామి ముందుకు వంగాడు. చెవుల్లో గుయ్యిమనడం తప్ప ఏమీ లేదు. అవతల భార్యాభర్తలిద్దరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. సాంబమూర్తి కళ్లద్దాలు తీసేసి కిటికీ వైపు తిరిగాడు.

“ఏమన్నదమ్మా?”

సూర్యప్రభ టేపు వెనక్కి తిప్పి, మరోసారి విని, గుంటూరు నోటితో ఆ నల్గొండ మాటలను ఒక్కటీ మార్చకుండా అప్పజెప్పింది.

“‘ఓ రాములూ, మొన్న నీ షాపుకొచ్చినప్పుడు చూసిన. గా కోత మిషిను కాడ చెవులల్ల దూది పెట్టుకో కొడుకా. నీ చెవులు పాడైతయ్.’ అంతేనండీ.”

రామస్వామికి ఏడుపు ముంచుకొచ్చింది. పరాయి ఇల్లని కూడా చూడకుండా, పెట్టె మీద తల ఆనించి ఏడ్చాడు. సూర్యప్రభ పూజ గదిలోకి వెళ్లి, వత్తులకోసం దాచుకున్న పత్తి గుప్పెడు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, టేప్‌రికార్డర్ వైపు చూస్తూ ఇరవై ఏళ్ల తర్వాత తల్లికి జవాబు చెప్పాడు.

“అట్లనే అమ్మా.”