పక్క సీటు బెల్టు

పోయిన ఆదివారం పొద్దున్న, భిలాయి ఊరి చివర రుఆబాంధాలో ఇళ్ళ వరసలు అయిపోయి ఎర్రమట్టి గుట్టలు మొదలయ్యే చోట, మా బావమరిది కూతురు నన్ను తన జీపులో పక్క సీట్లో కూర్చోబెట్టి, భుజాల మీంచి రెండు, నడుముకి చెరో వైపు నుంచి రెండు, మొత్తం నాలుగు బెల్టులు తెచ్చి నా పొట్ట మీద ఒక్కచోట తగిలించి, ఒక్కొక్కదాన్నీ గుంజి బిగించింది. ఊపిరి ఆడుతోందా మామయ్యా అని అడిగింది. ఆడుతోందమ్మా అన్నాను. నా భార్య పోయాక, క్షౌరం చేసే అతను తప్ప నన్ను ముట్టుకుని ఇటు తిప్పి అటు సర్దిన మనిషి లేడు. ఆ అమ్మాయి చెయ్యి భుజం మీద పడేసరికి ముందు సంతోషం కలిగింది, ఆ వెనకే ఈ సంతోషానికి నేను తగను అనిపించింది.

ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది. బడిలో లెక్కలు చెబుతుంది, తెలుగు కన్నా హిందీ బాగా మాట్లాడుతుంది, తండ్రిని పాపా అంటుంది, మేనత్త అయిన నా భార్యని బువా అని పిలిచేది. కుర్రకారంతా కలిసి అప్పుడప్పుడూ ఆ గుట్టల్లో తాళ్ళు కట్టి దారి గీసుకుని బళ్ళు నడుపుతారట. వాళ్ళ నాన్నకి మోకాలు సహకరించదు, గుట్టలెక్కలేడు కనక ఈసారికి చూడ్డానికి మీరు రండి మామయ్యా అని ఫోన్ చేసింది. ఫోన్ మోగడమే అరుదైన ఇంట్లో ఉంటున్నవాణ్ణి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను.

జీపు తాళం తిప్పబోతూ, అలవాటైన మాటే అయి ఉంటుంది, అంది. "పాపా కూడా ఆ రోజు బెల్టు కట్టుకుని ఉంటే రైలింజను మీదే రిటైర్ అయ్యేవారు కదా. ఇప్పటికీ తిడతాను ఆయన్ని. ఇత్నా లాపర్వాహ్ ఎలా ఉంటారు మామయ్యా?"

అంత నిర్లక్ష్యం ఎవరిదో నాకు తెలుసు.

నా ఈడువాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా కొందరున్నారు, వాళ్ళకి జ్ఞాపకం ఉంటుంది. ఆ రోజుల్లో సెక్టర్ ఆరు నుంచి పొద్దుటి షిఫ్టుకి సైకిళ్ళు బారులు తీరి వెళ్ళేవి. హెల్మెట్లు హేండిలుకి వేలాడుతూ వచ్చి, ఉక్కు ప్లాంటు గేటు దగ్గర నెత్తి మీదికెక్కి, షిఫ్టు దిగి గేటు దాటగానే మళ్ళీ హేండిలుకి చేరేవి. భద్రత అన్నది ప్రహరీ లోపలి వస్తువని మాకందరికీ ఒక నమ్మకం ఉండేది, అందరికన్నా ఎక్కువగా నాకు. మరమ్మతుల విభాగంలో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఎత్తు మీద పనిచేసే మనిషి నడుముకి బెల్టు లేకపోతే నిచ్చెన మీంచి దింపేసేవాణ్ణి, ఎంత బతిమాలినా ఆ పూటకి మళ్ళీ ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. బెల్టు దగ్గర మాత్రం ఊరుకోడు అని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు నాకు ఇష్టంగా కూడా ఉండేది.

అలాంటివాణ్ణి, వేలంలో ఒక పాత జీపు కొన్నాను. తలుపుల్లేవు, పైన గుడ్డ కప్పు. ముందు సీట్లకి మాత్రం నడుముకి అడ్డంగా కట్టుకునే బెల్టులుండేవి. నాది మడిచి దాని మీదే కూర్చునేవాణ్ణి. పక్క సీటుదాన్ని ఊడదీసి, వెనకాల నీళ్ళ డబ్బా, భోజనాల కేరియరూ కదలకుండా వాటి చుట్టూ బిగించేవాణ్ణి. అడవి దారిలో మనిషి కాస్త అటూ ఇటూ ఊగితే ఏమవుతుంది, చారు ఒలికితే కదా నష్టం అని నా లెక్క. వేగం లేనిచోట బెల్టు దేనికి, ప్రమాదమంటే పెద్ద రోడ్డు మీద జరగాలి గానీ, ఇక్కడ మహా అయితే దూకేస్తాం అని, ఇంజనీరునై ఉండి నలుగురికీ చెప్పేవాణ్ణి.

నా బావమరిది, అంటే నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, విజయనగరం నుంచి వచ్చి రైల్వేలో చేరి, భిలాయి-3 స్టేషను దగ్గర గది తీసుకుని ఉంటూ ఇంజను నడిపేవాడు. ఇంజను గురించి పెంచుకున్న ఎద్దు గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఫలానా ఎత్తు దగ్గర మొరాయించిందనీ, వానకి చక్రాలు జారితే బుజ్జగించి ఎక్కించాననీ మా ఇంట్లో భోజనం దగ్గర చెయ్యి ఎండిపోయేదాకా చెప్పేవాడు. వాళ్ళక్క ముందు తిట్టేది, తరవాత తనూ కూర్చుని వినేది. వాడికి సెలవు కుదిరిన ఆదివారాలు మేమిద్దరం జీపు వేసుకుని గనుల వైపు అడవి దారుల్లో పోయేవాళ్ళం. ఇప్పపూల వాసన వచ్చే చోట బండి ఆపి, ఏమీ మాట్లాడుకోకుండా కూర్చున్న రోజులున్నాయి. నాకు అన్నదమ్ములు లేరు. ఆ లోటు వాడితో తీరింది.

ఆ ఆదివారం వానలు వెనకబట్టాయి గానీ వాగుల్లో ఇంకా మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఒక వాగు గట్టు దిగబోయే ముందు వాడు సీటు పక్కన తడిమి చూశాడు.

"నా బెల్టేది బావా?"

వెనక కేరియరుని చూపించాను.

"ఏటి, అన్నానికి కట్టీసి మనిషిని ఒగ్గీసేవేటి? ప్లాంటులో అందరికీ కట్టిస్తావు కదా. అది విప్పి ఇటియ్యి. గట్టు వాలుగుంది, నాకెందుకో బాగోలేదు."

"ఇక్కడ ఎత్తెక్కడుందిరా? పడితే నేల మీదేగా పడతావు."

నా మాటకి నాకే నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి తనే విప్పుకోబోతే, చారు ఒలికిందంటే మీ అక్కకి నువ్వే జవాబు చెప్పుకోవాలి అని వాడి చెయ్యి తోసేశాను.

నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా దిగాం. కుడి చక్రం ఒక రాయెక్కింది, ఎడమ చక్రం కింద మెత్తటి మట్టి జారింది, జీపు ఎడమకి ఒరగడం మొదలుపెట్టింది. అంత నెమ్మదిగా ఒరిగింది కనకనే అంతా ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. నాకు పట్టుకోవడానికి స్టీరింగు ఉంది, వాడికి ఏమీ లేదు. దూకేస్తాం అని నేను నలుగురికీ చెప్పిన ఆ దూకడం వాడి చేత కాలేదు, ఎవరి చేతా కాదు. వాడు సీటు మీంచి జారుతూ, పడిపోకుండా కాలు బయట మోపాడు. ఆ కాలి మీదికే జీపు వాలింది. దగ్గర ఊరివాళ్ళు పరిగెత్తుకొచ్చి బండి ఎత్తారు. వెనకాల నీళ్ళ డబ్బా, కేరియరూ కట్టినచోట కట్టినట్టే ఉన్నాయి.

ఆసుపత్రికి ఏడుస్తూ వచ్చిన అక్కతో, నేను నోరు తెరిచేలోపల వాడే అన్నాడు. "బావ తప్పేటీ లేదక్కా. నేనే కట్టుకోలేదు."

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ మోకాలు మళ్ళీ పూర్తిగా మడతపడలేదు. ఇంజనెక్కడానికి పనికిరాడని డాక్టర్లు తేల్చాక, కిటికీలోంచి పట్టాలైనా కనబడని ఒక ఆఫీసు గదిలో వాడికి కుర్చీ వేశారు. ఆ తరవాత మా ఇంట్లో భోజనం దగ్గర వాడు ఇంజను మాట ఎత్తలేదు. కొన్నాళ్ళకి భోజనానికి రావడమూ తగ్గింది.

ప్రమాదం జరిగిన మర్నాడు నా భార్య ఆ కేరియర్ కడగడానికి కూర్చుంది. చారు పులిసిపోయింది గానీ గిన్నె నిండుగా ఉంది, మూతలు కూడా కదల్లేదు. తలెత్తకుండా అడిగింది.

"పక్క సీటుకి బెల్టు ఉండాలి కదండీ?"

"వాడు కట్టుకోలేదు," అన్నాను.

దాన్ని అబద్ధం అనడానికి లేదు. కట్టుకోనివ్వలేదు అనాల్సిన చోట కట్టుకోలేదు అన్నాను, మధ్యలో రెండక్షరాలు మింగేశాను, అంతే. ఆమె కేరియర్ బోర్లించి లోపలికి వెళ్ళింది.

జీపు అమ్మేసి, తరవాతెప్పుడో కారు కొన్నాను. నా భార్య ఏనాడూ నా పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో ఎక్కి, అప్పట్లో వెనక ఎవరూ పెట్టుకోని బెల్టు పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ వచ్చేది. ముందుకి రమ్మంటే ఇక్కడ గాలి బాగుందండీ అనేది. చూసినవాళ్ళు నన్ను మీ డ్రైవరనుకుంటారు అని వేళాకోళం చేసేవాణ్ణి, ఆమె నవ్వేది కాదు. కేరియర్ తన చేత్తో కడిగిన మనిషికి తెలియకుండా ఉంటుందా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఇన్నాళ్ళూ అనిపించలేదంటే, నేను అనిపించనివ్వలేదు. ఆమె పోయినప్పుడు బావమరిది కర్ర ఊతంగా వచ్చి, ఇంట్లోనే ఉండి అన్నీ చూసుకుని, వెళ్ళే ముందు గుమ్మంలో ఏదో అడగబోయి మానేశాడు. ఏమిట్రా అని నేనూ అడగలేదు.

సొంత కూతురి చేత వాడు ఇన్నేళ్ళుగా తిట్లు తింటున్నాడన్నది మాత్రం, ఆ ఆదివారం నాలుగు బెల్టుల మధ్య కదలడానికి లేకుండా కూర్చునేదాకా నాకు తెలియదు.

"మీ నాన్న బెల్టు అడిగాడమ్మా," అన్నాను. "నేను కట్టుకోనివ్వలేదు." మొత్తం చెప్పాను, చారుతో సహా.

ఆమె తాళం మీంచి చెయ్యి తీసేసింది. బువాకి చెప్పారా అని అడిగింది. చెప్పలేదన్నాను. నా ముందే తండ్రికి ఫోన్ చేసింది. నాకు ఆమె మాటలే వినిపించాయి. "పాపా, మీరు బెల్టు అడిగారట కదా. మరి నేను తిడుతుంటే చుప్ ఎందుకున్నారు?" ఆ తరవాత చాలాసేపు వింది. ఫోన్ పెట్టేసి, ఎదురుగా గుట్టవైపే చూస్తూ, తండ్రి మాటని తండ్రి మాటల్లోనే చెప్పింది.

"అక్క ఉన్నప్పుడు చెప్పాల్సింది బావ, ఇప్పుడేటికి... అంటున్నారు."

నాకు కట్టిన చేతులతోనే బెల్టులు విప్పింది. కోపంతో లాగలేదు, పట్టీ నా చెంపకి తగలకుండా పక్కకి పట్టుకుంది. ఈసారికి ఒక్కదాన్నే వెళ్తాను మామయ్యా అంది. నేను దిగాక, ఖాళీ సీటు మీద ఆ నాలుగు బెల్టులూ మళ్ళీ కలిపి బిగించింది, వదిలేస్తే గుట్టల్లో కొట్టుకుంటాయట. తాడు ఇవతల నిలబడి చూశాను. గుట్ట అంచున జీపు పూర్తిగా పక్కకి ఒరిగింది. ఆ అమ్మాయి సీటుకి అతుక్కునే ఉంది. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె దిగి వచ్చేదాకా ఉండి, వెళ్ళొస్తానమ్మా అంటే తలూపింది.

ఇంటికి నా కారులో ఒక్కణ్ణే వచ్చాను. సెక్టర్ ఆరు రోడ్డు మీద ఆ సైకిళ్ళ బారులు లేవు, సగం క్వార్టర్లకి తాళాలున్నాయి. బళ్ళు కూడా మారాయి. మన రోజుల్లో బెల్టు పెట్టుకున్నావా లేదా అని బండి అడిగేది కాదు, పక్కనున్న మనిషి అడిగితే అడగాలి. ఇప్పుడు పెట్టుకునేదాకా గంట మోగుతూనే ఉంటుంది, విసుక్కున్నా మానదు, అడిగిందే అడుగుతుంది. మా ఆవిడ ఒక్కసారే అడిగింది.